కిస్తుల్లేని కారు

"ఆర్సీ మీద బ్యాంకు పేరు పడ్తది మేడం, గంతే. బండి మాత్రం మీదే," అన్నాడు షోరూం మేనేజరు.

ఆ "గంతే" దగ్గర నాకు ఒళ్ళు మండింది. అప్పటిదాకా బుద్ధిగానే కూర్చున్నాను. ఏసీ చలికి కొంగు భుజాల నిండా కప్పుకుని, వాళ్ళిచ్చిన చక్కెర నీళ్ళలాంటి టీ తాగుతూ, పక్కన మా అమ్మాయి లావణ్య కాగితం మీద వేస్తున్న లెక్కలు చూస్తూ ఉన్నాను. లావణ్య నిజామాబాదులో కాలేజీ పిల్లలకు లెక్కలు చెబుతుంది. బాన్సువాడలో కొత్తగా తెరిచిన ఈ షోరూముకు నాతో రావడానికి ఆ రోజు సెలవు పెట్టుకుంది. తల్లి కారు కొంటానంటే సంతోషించింది కూడా. కానీ మొత్తం డబ్బు ఒకేసారి చెక్కు రాసిస్తాననేసరికి మేనేజరూ లావణ్యా ఇద్దరూ నా వైపు తిరిగారు, నేనేదో అనరాని మాట అన్నట్టు. డబ్బు మొత్తం ఇస్తానంటే మొహం మాడ్చుకున్న దుకాణదారుణ్ణి నేను అదే మొదటిసారి చూడటం.

నేను ఏఎన్నెమ్ముగా పనిచేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళకు పైగా బిచ్కుంద, పెద్ద కొడప్‌గల్, జుక్కల్ వైపు ఊళ్ళకూ తండాలకూ టీకాల డబ్బా మోశాను. మొదట్లో బస్సు, బస్సు దిగాక నడక. ఆ తర్వాత ఎవరు పోతుంటే వాళ్ళ బండి వెనక. "సిస్టరమ్మా, ఎక్కు," అని ట్రాక్టరు ఆపినవాళ్ళున్నారు, చూసీ చూడనట్టు దుమ్ము లేపుకుంటూ పోయినవాళ్ళూ ఉన్నారు. చివరికి స్కూటీ కొనుక్కున్నాను. నిరుడు వానాకాలం ఆ స్కూటీ మీది నుంచి పడితే మోకాలి చిప్ప పగిలింది. మంచం మీద ఉన్నన్నాళ్ళూ, ఇక నన్నెవరో ఒకరు తీసుకుపోతేనే ఎక్కడికైనా పోగలనన్న మాట పదిమంది నోట విన్నాను. లేచి నడవడం రాగానే డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నేర్పే అతను నాకంటే ముప్పై ఏళ్ళు చిన్న. మొదటి వారమంతా నా పక్క సీట్లో కూర్చుని దేవుళ్ళ పేర్లన్నీ వరసగా తలచుకున్నాడు. మా ఆయన ఉంటే పడీ పడీ నవ్వేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. లైసెన్సు వచ్చిన రోజు డ్రైవింగ్ స్కూలు అతనికి అరకిలో స్వీట్లు కొనిచ్చి, ఆయన ఫోటో ముందు కూడా ఒకటి పెట్టాను.

ఇక లావణ్య లెక్క. "అమ్మా, నీ పైసలు బ్యాంకులనే ఉండనీ. మిత్తి వస్తది. కిస్తులు కట్టుకుంట పోదాం. నీ వయసుకు లోను తక్కువ ఏండ్లకే ఇస్తరంట, కిస్తు పెద్దగ పడ్తది. అందుకే ఆయన పేరు మీద తీస్కుందాం. ఆయన జీతం చూసి ఏడేండ్లకిస్తరు." ఆయన అంటే మా అల్లుడు. మంచివాడు, నెమ్మదస్తుడు, నన్ను పల్లెత్తు మాట అన్నవాడు కాదు. కానీ కారు ఆయన పేరు మీద, ఆ పేరు పక్కన బ్యాంకు పేరు, ఇందులో నేనెక్కడ? మేనేజరు అందుకున్నాడు. ఫైనాన్సు అయితే బండి రెడీగా ఉందట, ఎల్లుండే ఇచ్చేస్తారట, సీటు కవర్లు, కింద పరిచే మ్యాట్లు ఉచితమట. మొత్తం కడితే మాత్రం నెల పైన పడుతుందట. ఎందుకని అడిగితే కంప్యూటర్ వైపు చూశాడు. అప్పుడు లావణ్య నెమ్మదిగా నా చేయి పట్టుకుని, "పైసలన్నీ కార్ల పెట్టి, రేపు ఒంట్లో బాగలేక దవాఖానల పడ్తె ఎట్ల అమ్మా?" అంది. బతుకంతా దవాఖాన పనే చేశాను. చేతిలో రూపాయి లేక గేటు దగ్గర పుస్తెలు చేతిలో పట్టుకుని నిలబడ్డవాళ్ళను చూశాను. రేపు చెబుతానని లేచి వచ్చేశాను.

ఆర్సీ మీద బ్యాంకు పేరు పడితే నాకెందుకంత ఉక్రోషమో మేనేజరుకు తెలియదు, సరే. లావణ్యకూ తెలియదు. అది నా తప్పే. సగం కథ చెప్పి పెంచాను దాన్ని.

మా పుట్టినూరు బాన్సువాడకూ బిచ్కుందకూ నడుమ ఉంటుంది. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. కాలువ నీళ్ళు పైవాళ్ళ మళ్ళన్నీ తడిపి మా పొలానికి చేరేసరికి కాళ్ళు కడుక్కోవడానికి సరిపోయేవి. అందుకని బాపు సహకార సొసైటీలో అప్పు తీసుకుని బాయి మీద ఆయిల్ ఇంజన్ పెట్టాడు. ఇంజన్ వచ్చాక మా ఇంటి వాసనే మారిపోయింది. అంతకుముందు పొద్దున లేస్తే పేడ అలుకు వాసన, పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన. ఇప్పుడు వాటన్నిటి మీదా డీజిలు. బాపు ధోతి, తువ్వాల, ఆఖరికి సద్దిగిన్నె మూత కూడా అదే వాసన. ఆయనకు ఆ ఇంజన్ చంటిపిల్లతో సమానం. పని అయిపోగానే గోనెగుడ్డతో తుడిచేవాడు. వాన పడితే తన గొంగడి దానికి కప్పి, తను తడుస్తూ ఇంటికొచ్చేవాడు. చెరుకు ఏపుగా వచ్చింది. రెండు పూటలు వండుకునే ఇంట్లో మూడో పూట పొయ్యి రాజేశాం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ అప్పు చెడ్డదని నేననను. ఆ అప్పు మాకు అన్నం పెట్టింది.

అవ్వకు మాత్రం ఇంజన్ మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. ఆమె ప్రాణమంతా ఇంటి తలుపుల మీద ఉండేది. రెండు రెక్కల టేకు తలుపులు. కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటికి తడకే ఉండేదట. పుట్టింటివాళ్ళు ఇచ్చిన మేకలను సాకి, వాటి పిల్లలను అమ్మి, ఆ డబ్బుతో మా ఊరి వడ్రంగి సాయన్న చేత చేయించుకుంది. ఇత్తడి గొళ్ళెం బాన్సువాడ అంగడిలో తనే ఏరి తెచ్చింది. పొద్దున లేవగానే మొహమైనా కడగక ముందు తలుపులు తుడిచేది. శుక్రవారం గడపకు పసుపు రాసి, ఎర్రమన్నుతో గీతలు దిద్ది, గొళ్ళేన్ని చింతపండు పెట్టి తోమేది. ఎండ పడితే అది మా వాకిలంతా మెరిసేది. ఎవరైనా తలుపును కాలితో నెడితే చాలు, వంటింట్లోంచి అరిచేది.

ఒక ఏడు చెరుకు బిల్లు ఫ్యాక్టరీ దగ్గరే ఆగిపోయింది. సొసైటీకి రెండు కిస్తులు తప్పాయి. ఆ రోజుల్లో అప్పు కట్టకపోతే ఏం చేసేవాళ్ళో ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు. ఇంటి తలుపులు ఊడదీసుకుని పోయేవాళ్ళు. ఇంజన్ ముట్టుకోరు. ఇంజన్ తీసుకుపోతే పంట ఎండిపోతుంది, అప్పు ఎన్నటికీ తీరదు. తలుపులు తీసుకుపోతే పంటకేమీ కాదు, ఇజ్జత్ పోతుంది. ఇజ్జత్ పోయినవాడు ఎక్కడినుంచైనా తెచ్చి కడతాడు. అంత తెలివైన లెక్క అది. జీపు మా వాకిట్లో ఆగినప్పుడు బాపు బాయి దగ్గర ఉన్నాడు. తెల్లచొక్కా ఆఫీసరు జీపులోంచి దిగకుండానే, తలుపులు తీయడానికి సాయన్ననే పిలిపించాడు. సాయన్న పనిముట్ల సంచి పట్టుకుని తల వంచుకుని వచ్చాడు.

"వదినె, నేనేం జేద్దునే. సార్ పిలిపిచ్చిండు," అన్నాడు.

"నువ్వు జేసినయే గద సాయన్నా. మెల్లగ దియ్యి. రెక్క పగలొద్దు," అంది అవ్వ. ఏడుస్తుందని వాడకట్టంతా చూస్తోంది. అవ్వ ఏడవలేదు. రెండు రెక్కలూ జీపులోకి ఎక్కేదాకా ఊరుకుని, ఆ తర్వాత వెళ్ళి చక్రం ముందు చతికిలబడింది. "తీస్కపోతె తీస్కపోర్రి సారూ. రసీదియ్యుర్రి."

"దేనికమ్మా రసీదు?"

"రెండు రెక్కలు, ఇత్తడి గొళ్ళెం ఒకటి, గొలుసొకటి అని రాయుర్రి. రేపు నా తలుపులు నాకొచ్చేటప్పుడు చూస్కోవాలె గద."

ఆఫీసరు నవ్వాడు, బెదిరించాడు, గడియారం చూసుకున్నాడు. చివరికి కాగితం తీసి రాశాడు. అవ్వకు చదువు రాదు. నన్ను పిలిచి, అందరి ముందూ గట్టిగా చదవమంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చదివాను. గొలుసు సంగతి రాయలేదని నేనే పట్టుకున్నాను. ఆఫీసరు నన్ను కొరకొరా చూసి, అదీ రాసి, సంతకం పెట్టి పోయాడు. ఇంతవరకూ లావణ్యకు తెలుసు. చిన్నప్పుడు ఈ కథ చెప్పమని అడిగి అడిగి నవ్వేది.

దానికి చెప్పనిది ఆ మరునాటి సంగతి. పొద్దున నేను బడి సంచి భుజానికేసుకుంటే, బాపు దాన్ని తీసి గోడకున్న కొక్కేనికి తగిలించాడు. "ఇంట్ల వడ్లున్నయి, బిందెలున్నయి. తలుపుల్లేవు. ఎవలో ఒకలు కావలి ఉండాలె బిడ్డా," అన్నాడు. అవ్వ నాట్లకు పోవాలి, ఆయన బాయి దగ్గరికి పోవాలి. నాకంటే ఏడాది చిన్న తమ్ముడు ఉన్నాడుగా, వాడుంటాడులే అన్నాను. "వాడు మొగపిల్లగాడు, చదువుకోవాలె. నువ్వొక్క ఏడు బడికి పోకుంటె ఏమైతది?"

ఏమవుతుందో చెబుతాను. తలుపుల్లేని ఇంటికి తొమ్మిదేళ్ళ పిల్ల తలుపవుతుంది. పొద్దున వాళ్ళు పోయింది మొదలు, పొద్దుగూకి వచ్చేదాకా గడప దాటడానికి లేదు. కోళ్ళను తోలాలి, కుక్కను తోలాలి, వడ్ల మీదికొచ్చే దూడను తోలాలి. కాలకృత్యాలకు పోవాలన్నా ఎదురింటి అక్కను బతిమాలి కూర్చోబెట్టి పరుగెత్తాలి. తలుపు లేని ఇంట్లోకి దారిన పోయే ప్రతివాడూ చూస్తాడు. మా పొయ్యి మీద ఏముందో, మా దండెం మీద ఏ బట్టలున్నాయో ఊరంతా తెలిసింది. నా ఈడు పిల్లలు బడికి పోతూ, వస్తూ చూసేవాళ్ళు. మొదట పలకరించారు, తర్వాత మానేశారు. వాన పడిన రోజుల్లో జల్లు నట్టింటి దాకా వచ్చేది. అన్నిటికంటే నాకు మంట పుట్టించింది బాయి దగ్గరి చప్పుడు. టుకు టుకు టుకు అని ఆ ఇంజన్ పొద్దంతా నడిచేది. దేని కోసమైతే నన్ను కూర్చోబెట్టారో అది హాయిగా నడుస్తూనే ఉంది. నేనే ఆగిపోయాను.

అవ్వ మాత్రం వెనక్కి తగ్గలేదు. తలుపుల్లేని గడపకు శుక్రవారం శుక్రవారం పసుపు రాసింది. వాకిట్లో ముగ్గు అంతకుముందు కంటే పెద్దది వేసింది. చూసేవాడు ఎటూ చూస్తున్నాడు, బాగా చూడనీ అనేది. పై ఏడు చెరుకు బిల్లు వచ్చి అప్పు తీరాక, బండి కట్టుకుని సొసైటీకి పోయాం. రసీదు చదవడానికి నన్నూ తీసుకుపోయారు. ఆ గోదాములో నేను చూసినన్ని తలుపులు మళ్ళీ ఎక్కడా చూడలేదు. గోడ పొడుగూతా ఒకదాని మీద ఒకటి వాల్చి ఉన్నాయి, ఒక్కో దాని మీద తెల్లరంగుతో ఒక్కో రైతు పేరు, అప్పు నెంబరు. మా తలుపులకు గొళ్ళెం లేదు. గుమాస్తా ఒక ఇనప గొళ్ళెం తెచ్చి ఇచ్చాడు. "ఇత్తడిదని ఉన్నది. సదువు బిడ్డా," అంది అవ్వ. చదివాను. నాలుగుసార్లు చదివించింది. మధ్యాహ్నం దాటేదాకా ఆ గోదాము మెట్ల మీంచి లేవలేదు. చివరికి మా గొళ్ళెం సొసైటీ ఆఫీసు వెనక తలుపుకే దొరికింది. మరలు విప్పించి, కొంగున కట్టుకునే కదిలింది.

గొళ్ళెం వచ్చింది గానీ తెల్లరంగు పోలేదు. అవ్వ గ్యాసునూనె పెట్టి తుడిచింది, కొబ్బరిపీచు పెట్టి రుద్దింది, గాజుపెంకుతో గీకింది. బాపు పేరు, అప్పు నెంబరు టేకులోకి ఇంకి కూర్చున్నాయి. నా పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా చెప్పులు విడుస్తూ అది చదివారు. నా సంగతికొస్తే, ఆ ఏడు గడిచాక బడికి పోతే తమ్ముడి తరగతిలో, తమ్ముడి పక్కనే కూర్చోబెట్టారు. కవల పిల్లలా అని పంతులు అడిగితే తరగతంతా నవ్వింది. పదో తరగతి దాకా ఆ నవ్వు మానలేదు. బాపు ఆ తర్వాత పైపుల కోసం మళ్ళీ అప్పు తెచ్చాడు, తీర్చాడు, మళ్ళీ తెచ్చాడు. పోయేదాకా ఒక్కనాడూ భయపడలేదు. ఆయన ధైర్యాన్ని నేను కాదనను. కానీ ఆ ధైర్యానికి కావలి కూర్చున్నది నేను. ఈ మాట ఆయన బతికుండగా ఆయనతో అనలేకపోయినందుకు ఇప్పటికీ నాకు కోపమే.

ఇప్పుడు తలుపులు ఎవరూ పీకరు. అప్పు ఇచ్చేవాడు కుర్చీ వేసి, టీ ఇచ్చి, మేడం అని పిలిచి ఇస్తాడు. కిస్తు తప్పితే ముందు ఫోనుకు మెసేజ్, తర్వాత ఫోను, ఆ తర్వాత నడిరోడ్డు మీద బండి ఆపి తాళంచెవి లాక్కునే మనుషులు. మా వీధిలోనే ఒకతని మోటార్ సైకిల్ అట్లా పోయింది. భార్యను వెనక కూర్చోబెట్టుకుని పోతుంటే దింపి తీసుకున్నారట. రసీదిచ్చారా అని అడిగితే, రసీదా, ఎందుకమ్మా అని అతను నన్నే వింతగా చూశాడు. మనుషులు ఇప్పుడు నెమ్మదిగా మాట్లాడుతున్నారు, అంతే. ఆ నెమ్మదిని నేను మర్యాద అనుకోను.

ఆ సాయంత్రం ఇంట్లో లావణ్యకు మిగతా సగం కథ చెప్పాను. చాయ్ చల్లారిపోయింది.

"నువ్వెప్పుడు చెప్పలే," అంది.

"నువ్వు గొళ్ళెం దాక విని నవ్వుతుంటివి. అక్కడనే ఆపిన."

కళ్ళు తుడుచుకుంది. అయినా లెక్కల మనిషి కదా. "గది సొసైటీ అమ్మా, గిది బ్యాంకు. మేమిద్దరం కడ్తం. ఎవ్వలు తీస్కపోరు," అంది.

"తీస్కపోరు. నాకెర్కనే. లెక్క జూస్తె నీదే కరెక్టు. అయినా ఒప్పుకోను," అన్నాను. "నా కారుకు ఇంకెవలో అప్పుపడి, వాళ్ళకు కష్టమొస్తే నేను ఇంట్ల కూసునుడు ఇగ నాతోని గాదు. మీరు కారియ్యమని అడగరు. నాకే నోరు రాక, నేనే కారు మీకిచ్చి ఇంట్ల కూసుంట. నా సంగతి నాకు తెల్వదా?"

మరునాడు షోరూముకు ఒక్కదాన్నే పోయాను. లావణ్య మెచ్చుకున్న పెద్ద కారు వద్దన్నాను. మూలకు పెట్టిన చిన్నదాన్ని చూపించి, దానికి చెక్కు రాస్తానన్నాను. దానికిచ్చినా నా దగ్గర కొంత మిగులుతుంది. పెద్ద రోగానికి చాలదు, చిన్న రోగానికి చాలు. మేనేజరు ఇంకా ఆశ వదులుకోలేదు. "ఒక్కసారి మీ అల్లుడుగారితోని ఫోన్ల మాట్లాడి…" అన్నాడు. "చెక్కు నాది, సంతకం నాది. నడుమ ఆయనకెందుకు ఫికర్?" అన్నాను. సీటు కవర్లు ఇవ్వలేదు. మ్యాట్లు ఇవ్వలేదు. కారు నెలన్నర ఆగి ఇచ్చారు. ఆ నెలన్నరా బస్సులోనే తిరిగాను, ఒక్కరినీ బండి ఎక్కించుకోమని అడగలేదు. కారు తెచ్చుకున్న రోజు నిమ్మకాయలు తొక్కించి, ఫోటో కోసమని అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టారు. అది వాళ్ళకే ఇచ్చేసి అసలుదాన్ని అడిగి తీసుకున్నాను.

ఆర్సీ కార్డు వచ్చిన వారం లావణ్య వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని కార్డు అటూ ఇటూ తిప్పి చదివింది. యజమాని అన్నచోట నా పేరు. బ్యాంకు పేరు రాసేచోట ఖాళీ. మళ్ళీ తిప్పి, ఆ ఖాళీనే కాసేపు చూసి, కార్డు నా చేతికిచ్చింది. ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకుంటే నా కూతురెట్లా అవుతుంది?

"పైసలు శానామటుకు దీంట్లనే పెట్టినవ్. రేపు నిజంగనే నీకు రోగమొస్తే ఏం జేస్తవమ్మా?"

"గీ కార్లనే దవాఖానకు పోత," అన్నాను. "నేనే నడుపుకుంట పోత."